రక్తపరీక్ష చెప్పేది కడుపు గోడ స్థితిని, క్యాన్సర్‌ను కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

రక్తంలోని ప్రొటీన్లను కొలిచి కడుపు క్యాన్సర్‌ను ముందే పసిగట్టవచ్చునన్న పరిశోధనల గురించి ఈ మధ్య పత్రికల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. కావలిలో 31 ఏళ్ల పాటు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి, ఎన్నో వేల మంది రక్తం తీసి, సీరం వేరుచేసి, ఫలితాలు రాసి ఇచ్చిన వాడిగా ఆ వార్తలను ఆసక్తితో చదువుతున్నాను. చదివిన ప్రతిసారీ కొంత ఆశ, కొంత భయం కలుగుతున్నాయి. ఆశ ఎందుకంటే ఆ పరీక్షల్లో కొన్ని నిజంగా మన జిల్లాలకు పనికొచ్చేవి. భయం ఎందుకంటే, అవి దేనిని కొలుస్తాయో చెప్పకుండా 'క్యాన్సర్ పరీక్ష' అనే పేరుతో అమ్మితే ఏం జరుగుతుందో మా ఇంట్లోనే చూశాను.

మా పెద్దక్క భర్త టంగుటూరు దగ్గర ఒక పల్లెలో పొగాకు రైతు. పొగాకు ఆరబెట్టే బ్యారన్లు రెండు ఉండేవి. చుట్ట అలవాటు ఉండేది. నలభై దాటినప్పటి నుంచి పొద్దున్నే పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకోనిదే ఆయన ఏమీ తినేవాడు కాదు. ఊరి ఆర్‌ఎంపీ మొదలుపెట్టిన ఆ బిళ్ల పదేళ్లకు పైగా సాగింది గాని, ఒక్కసారైనా కడుపులోకి పైపు వేసి చూద్దామని ఎవరూ అనలేదు. 2016లో వాళ్ల ఊళ్లో ఒక శిబిరం పెట్టి, తక్కువ ధరకు రక్తపరీక్షల ప్యాకేజీ చేశారు. అందులో 'క్యాన్సర్ మార్కర్లు' అనే శీర్షిక కింద సీఈఏ, సీఏ 19-9 అని రెండు అంకెలు ఉన్నాయి. రెండూ మామూలు హద్దుల్లోనే ఉన్నాయి. ఆ కాగితాన్ని మా బావ పట్టాదారు పాసుపుస్తకంతో పాటు బీరువాలో దాచుకున్నాడు. "నార్మలని రాసుంది గదబ్బయ్యా, ఇంక భయమెందుకు?" అని నాతో అన్నాడు. ల్యాబులో పనిచేసే నేను ఆ రోజు ఆయనకు ఎదురు చెప్పలేదు. ఆ మాట ఈనాటికీ నన్ను బాధిస్తుంది.

పద్నాలుగు నెలల తర్వాత ఆయనకు విరేచనం తారులాగా నల్లగా రావడం మొదలైంది. రెండు ముద్దలు తినగానే కడుపు నిండినట్లు ఉండేది. మనిషి సగమయ్యాడు. నెల్లూరులో ఎండోస్కోపీ చేసి, అంటే కడుపులోకి పైపు వేసి చూసి, ముక్క తీసి పంపితే క్యాన్సర్ అని తేలింది. అప్పటికే కాలేయానికి పాకింది. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఎన్నిసార్లు మద్రాసుకు తీసుకుపోయామో నాకు లెక్క లేదు. 2018 వేసవిలో ఆయన పోయాడు.

ఆ శిబిరంలో చేసిన రెండు పరీక్షల సంగతి ముందు చెప్పాలి. సీఈఏ అనే ప్రొటీన్‌ను 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో కనుగొన్నారు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవారిలో జబ్బు మళ్లీ వస్తున్నదా అని గమనించడానికి అది నేటికీ ఉపయోగపడుతున్నది. సీఏ 19-9 ప్రధానంగా క్లోమం, పిత్తనాళాల క్యాన్సర్లలో చికిత్స ఎలా పనిచేస్తున్నదో చూడటానికి వాడేది. తొలిదశలో ఉన్న కడుపు క్యాన్సర్‌లో ఈ రెండూ చాలామందిలో పెరగనే పెరగవు. ముదిరిన దశలో కూడా అందరిలో పెరగవు. పైగా పొగ తాగేవారిలో ఏ క్యాన్సర్ లేకపోయినా సీఈఏ కొంత ఎక్కువగా ఉంటుంది. అంటే ఏ జబ్బూ లేనివాడిని భయపెట్టగలదు, జబ్బు ఉన్నవాడికి భరోసా ఇవ్వగలదు. ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషికి కడుపు క్యాన్సర్ ఉందో లేదో తేల్చడానికి వీటిని వాడకూడదన్నది వైద్యశాస్త్రంలో ఎప్పుడో స్థిరపడిన విషయం. అయినా వీటిని ప్యాకేజీల్లో కలిపి చేయడం మన ఊళ్లలో ఇంకా జరుగుతూనే ఉంది.

ఇక కడుపు క్యాన్సర్‌కు మూలమైన బ్యాక్టీరియా గురించి. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. కడుపులోని ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని వైద్యులు నమ్ముతున్న కాలంలో, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1982లో దాన్ని పెంచి చూపించారు. ఈస్టర్ సెలవుల వల్ల గాజుపళ్లేలు మామూలు కంటే ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోవడంతో, నిదానంగా పెరిగే ఆ జీవి బయటపడింది. ఎవరూ నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ దాన్ని తానే తాగి కడుపు వాపు తెచ్చుకుని రుజువు చేశాడు. వారిద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ముందే, 1994లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు కూడా ఆ వర్గంలోనిదే.

ఈ బ్యాక్టీరియా సాధారణంగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే సోకుతుంది. మందు వాడకపోతే జీవితాంతం ఉండిపోతుంది. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా మందికి ఇది ఉంటుంది. అందరికీ క్యాన్సర్ రాదు. వందమందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా రావచ్చునని అంచనా. జపాన్‌లో 1,526 మందిని సగటున 7.8 ఏళ్లు గమనించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, బ్యాక్టీరియా ఉన్న 1,246 మందిలో 36 మందికి కడుపు క్యాన్సర్ వచ్చింది. లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మన ముందున్న చిక్కు అర్థమవుతుంది. బ్యాక్టీరియా ఉందా లేదా అన్న ప్రశ్న ఒక్కటే వేస్తే సగం జిల్లా లేచి నిలబడుతుంది. ఆ సగంలో ప్రమాదం దగ్గరపడినవారు ఎవరో తెలుసుకోవాలి. రక్తంలోని ప్రొటీన్ల అవసరం అక్కడ మొదలవుతుంది.

జబ్బు ఒక్కరోజులో రాదు. బ్యాక్టీరియా వల్ల కడుపు లోపలి పొర ఏళ్ల తరబడి వాచి ఉంటుంది. తర్వాత ఆ పొరలోని గ్రంథులు క్రమంగా అరిగి పలచబడతాయి. ఆపైన కొన్నిచోట్ల కడుపు కణాల స్థానంలో పేగు కణాల వంటివి పుడతాయి. వాటిలో కొన్ని దారి తప్పుతాయి. చివరికి, కొందరిలో మాత్రమే, క్యాన్సర్ అవుతుంది. కొలంబియా దేశానికి చెందిన పెలాయో కొరియా అనే పాథాలజిస్టు ఈ మెట్లను వరుసగా వివరించాడు. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టుకు చేరడానికి సాధారణంగా కొన్ని దశాబ్దాలు పడుతుంది. మా బావ బీరువాలో దాచుకున్న కాగితం చివరి మెట్టు గురించి మాత్రమే మాట్లాడబోయింది, అదీ సరిగా చెప్పలేకపోయింది. మధ్య మెట్ల గురించి చెప్పగలిగిన ప్రొటీన్లు ఉన్నాయని అప్పటికి చాలా ఏళ్లుగా తెలుసు.

వాటిలో ముఖ్యమైనది పెప్సినోజెన్. మనం తిన్న మాంసకృత్తులను అరిగించే పెప్సిన్‌ను 1836లోనే థియోడర్ ష్వాన్ కనుగొన్నాడు. ఆ పెప్సిన్ కడుపు కణాల్లో పెప్సినోజెన్ అనే ముడి రూపంలో తయారవుతుంది. అందులో ఎక్కువ భాగం కడుపులోకి పోతుంది, కొద్ది భాగం రక్తంలోకి వస్తుంది. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటో రకం కడుపు నడిమి భాగంలోని గ్రంథుల్లో మాత్రమే పుడుతుంది. రెండో రకం ఆ గ్రంథులతో పాటు కడుపు కింది భాగంలోనూ, చిన్నపేగు మొదట్లోనూ పుడుతుంది. నడిమి భాగంలోని గ్రంథులు అరిగిపోతే ఒకటో రకం తగ్గిపోతుంది, రెండో రకం అంతగా తగ్గదు. కాబట్టి ఒకటిని రెండుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి పడిపోతుంది. జపాన్‌లో ఒకటో రకం మిల్లీలీటరుకు 70 నానోగ్రాములు లేదా అంతకంటే తక్కువ ఉండి, నిష్పత్తి కూడా 3 లేదా అంతకంటే తక్కువ ఉంటే గ్రంథులు అరిగినట్లు లెక్క వేస్తారు. శామ్లాఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1982లోనే ఈ రెండు ప్రొటీన్ల కొలతలకూ కడుపు పొర స్థితికీ ఉన్న సంబంధాన్ని చూపించాడు. ముక్క తీయకుండా రక్తంతోనే చేసే ముక్కపరీక్ష అని దీన్ని అప్పట్లో మెచ్చుకున్నారు. ఈ పని చేసినవాడిగా నాకు ఆ మాట సరిగ్గానే తోస్తుంది. ఐదు మిల్లీలీటర్ల రక్తం, సీరం వేరుచేసే ఒక సెంట్రిఫ్యూజ్, ప్రొటీన్లను కొలిచే ఎలీసా పరికరం ఉంటే చాలు.

జపాన్ వైద్యులు ఈ పెప్సినోజెన్‌ను, బ్యాక్టీరియాకు వ్యతిరేకంగా శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలతో జతచేసి మనుషులను నాలుగు గుంపులుగా విడదీశారు. బ్యాక్టీరియా, గ్రంథుల అరుగుదల రెండూ లేనివారు మొదటి గుంపు, వారికి ప్రమాదం అతి తక్కువ. బ్యాక్టీరియా ఉండి గ్రంథులు బాగున్నవారు రెండోది. బ్యాక్టీరియా ఉండి గ్రంథులు అరిగినవారు మూడోది. నాలుగో గుంపు విషయం మాత్రం చాలామందికి వింతగా ఉంటుంది: వారిలో గ్రంథులు అరిగిపోయి ఉంటాయి గాని బ్యాక్టీరియా జాడ రక్తంలో కనిపించదు. ఎందుకంటే అంతగా అరిగిపోయిన కడుపులో ఆ బ్యాక్టీరియా కూడా బతకలేక వెళ్లిపోతుంది. అందరికంటే ప్రమాదం ఎక్కువ ఉన్నది ఈ నాలుగో గుంపుకే. మన ల్యాబుల్లో బ్యాక్టీరియాకు కార్డు పరీక్ష ఒక్కటే చేసి, ఒక గీతే వచ్చిందని 'నెగెటివ్' అని రాసి పంపిన ప్రతిసారీ, ఆ మనిషి మొదటి గుంపువాడో నాలుగో గుంపువాడో మనకు తెలియదు. నేను కూడా అలా రాసి పంపాను, ఎంతమందికో చెప్పలేను.

ఈ పరీక్షకు కొన్ని షరతులున్నాయి, అవి మన జిల్లాల్లో మరీ ముఖ్యం. గ్యాస్ బిళ్లలు, అంటే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి, రక్తంలో పెప్సినోజెన్‌ను పెంచుతాయి. రోజూ ఆ బిళ్ల వేసుకునే మనిషికి గ్రంథులు అరిగినా అంకెలు బాగున్నట్లు కనిపించవచ్చు. మా బావకు ఈ పరీక్ష చేసి ఉన్నా, బిళ్ల సంగతి అడగకుండా చేసి ఉంటే మోసపోయేవాళ్లమే. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో కూడా పెప్సినోజెన్ శరీరం నుంచి బయటికి పోక పెరుగుతుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలో, కనిగిరి పరిసరాల్లో, మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి అక్కడ మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ చూడకుండా ఈ అంకెను నమ్మకూడదు. ఇదివరకే బ్యాక్టీరియాకు మందులు వాడి పోగొట్టుకున్నవారిని ఈ గుంపుల్లో వేయకూడదు, ఎందుకంటే మందుల తర్వాత అంకెలు మారిపోతాయి గాని పాత ప్రమాదం మొత్తం పోదు. జపాన్‌లో అటువంటివారిని విడిగా లెక్కిస్తారు.

ఇంకో పెద్ద లోపం కూడా ఉంది. కడుపు క్యాన్సర్‌లో గ్రంథులు అరిగిన తర్వాత వచ్చే రకాన్ని పెప్సినోజెన్ బాగా సూచిస్తుంది. అరుగుదలతో సంబంధం లేకుండా కడుపు గోడంతా పాకిపోయే మరో రకం ఉంది, వయసులో ఉన్నవారికి కూడా వస్తుంది. దాని విషయంలో ఈ పరీక్ష బలహీనం. అందువల్ల బరువు తగ్గుతున్నా, విరేచనం నల్లగా అవుతున్నా, మింగడం కష్టమైనా, వాంతులు ఆగకపోయినా, కారణం తెలియని రక్తహీనత ఉన్నా ఏ రక్తపరీక్షా చేయించుకుంటూ కూర్చోకూడదు. నేరుగా ఎండోస్కోపీకి వెళ్లాలి.

వార్తల్లో వస్తున్న కొత్త ప్రొటీన్ల గురించి ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. నేడు ఒకే రక్తనమూనాలో వందల, వేల ప్రొటీన్లను ఒకేసారి కొలిచే యంత్రాలు వచ్చాయి. క్యాన్సర్ రోగుల రక్తాన్నీ, ఆరోగ్యవంతుల రక్తాన్నీ పోల్చి, తేడా ఉన్న ప్రొటీన్లను ఏరి, వాటిని కలిపి ఒక పరీక్షగా చేస్తున్నారు. 'నూటికి తొంభై పాళ్లు కచ్చితం' వంటి మాటలు అలాంటి పోలికల్లోంచి వస్తాయి. అయితే ఆ పోలికలో ఒక ఇబ్బంది ఉంది. రోగికి క్యాన్సర్ ఉంది, బ్యాక్టీరియా వల్ల వచ్చిన వాపు కూడా ఉంది, తిండి లేక శరీరం నీరసించి కూడా ఉంది. ఆరోగ్యవంతుడికి ఈ మూడూ లేవు. వాపు వల్ల, నీరసం వల్ల పెరిగే ప్రొటీన్లు ఎన్నో ఉన్నాయి. అలాంటప్పుడు యంత్రం పట్టుకున్నది క్యాన్సర్‌నా, వాపునా, నీరసాన్నా? సగం మందికి పైగా బ్యాక్టీరియా ఉన్న మన నేలపై ఈ ప్రశ్నకు జవాబు రాకుండా ఆ పరీక్షను వాడితే, మామూలు కడుపు వాపు ఉన్న ప్రతివాడికీ క్యాన్సర్ అనుమానం అంటగట్టినట్లవుతుంది. బ్యాక్టీరియా ఉండి క్యాన్సర్ లేనివారినీ, బ్యాక్టీరియా ఉండి క్యాన్సర్ వచ్చినవారినీ పోల్చాలి. అంతకంటే మేలైనది, వేలమంది రక్తాన్ని ముందే తీసి భద్రపరచి, ఏళ్ల తర్వాత క్యాన్సర్ వచ్చినవారి పాత రక్తంలో ఏముందో వెనక్కి వెళ్లి చూడటం. వార్త చదివేటప్పుడు పాఠకులు ఈ ఒక్క సంగతి వెతకాలని నా కోరిక: రక్తం జబ్బు బయటపడ్డాక తీసిందా, బయటపడక ముందు తీసిందా?

'నూటికి తొంభై' అన్న మాటను ఒక లెక్కతో చూద్దాం. ఇది ఉదాహరణ కోసం వేసుకున్న లెక్క మాత్రమే. ఒక లక్ష మంది పెద్దవాళ్లలో 20 మందికి తెలియకుండా కడుపు క్యాన్సర్ ఉందనుకుందాం. జబ్బు ఉన్నవారిలో నూటికి 90 మందిని పట్టుకుని, లేనివారిలో నూటికి 90 మందిని లేదని చెప్పే పరీక్ష చేశామనుకుందాం. 20 మందిలో 18 మంది దొరుకుతారు. మిగిలిన 99,980 మందిలో నూటికి పదిమంది చొప్పున 9,998 మందికి లేని జబ్బు ఉందని కాగితం వస్తుంది. అంటే భయపడి ఆసుపత్రికి పరుగెత్తిన 10,016 మందిలో నిజంగా జబ్బున్నవారు 18 మంది. ఈ పదివేల మందిలో ఎంతమంది పొలం తాకట్టు పెట్టి మద్రాసు రైలెక్కుతారో ఊహించుకోండి. పరీక్ష చెడ్డది కావడం వల్ల ఇది జరగలేదు. జబ్బు అరుదైనచోట, గుర్తుల్లేని అందరికీ చేయడం వల్ల జరిగింది.

పెప్సినోజెన్ విషయంలో ఈ లెక్క ఇంత క్రూరంగా ఉండదు, ఎందుకంటే అది క్యాన్సర్ ఉందని చెప్పదు. గ్రంథులు అరిగాయని చెబుతుంది. ఆ అంకె పడిపోయినవారికి ఎండోస్కోపీ చేస్తే క్యాన్సర్ కనిపించకపోయినా, గమనించి ఉండవలసిన కడుపు చాలామందిలో కనిపిస్తుంది. పేగు కణాలుగా మారుతున్న చోట పెరిగే ట్రెఫాయిల్ ఫ్యాక్టర్-3 అనే ప్రొటీన్‌ను, బ్యాక్టీరియా కడుపు కణాల్లోకి సూదిలాంటి నిర్మాణంతో గుచ్చే క్యాగ్-ఏ ప్రొటీన్‌కు వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీలను దీనికి జతచేయాలన్న ప్రయత్నాలు నాకు నమ్మకం కలిగిస్తున్నాయి. క్యాగ్-ఏ యాంటీబాడీలు బ్యాక్టీరియా పోయిన తర్వాత కూడా ఎక్కువ కాలం నిలుస్తాయి కనుక, నాలుగో గుంపువారిని దొరకబుచ్చుకోవడానికి అవి సాయపడగలవు. ఇవన్నీ మెట్లను కొలిచే ప్రొటీన్లు. నా దృష్టిలో మనకు కావలసినవి ఇవే.

ముందుగా తెలిస్తే చేయగలిగింది ఏమైనా ఉందా అని అడగవచ్చు. ఉంది. తైవాన్‌కు చెందిన మాట్సు దీవుల్లో కడుపు క్యాన్సర్ చాలా ఎక్కువ. అక్కడ 2004లో ఊరందరికీ బ్యాక్టీరియా పరీక్ష చేసి మందులివ్వడం మొదలుపెట్టారు. తర్వాతి ఏళ్లలో కొత్తగా కడుపు క్యాన్సర్ వచ్చేవారి సంఖ్య సగానికి పైగా, 53 శాతం, తగ్గింది. దక్షిణ కొరియాలో, కడుపు క్యాన్సర్ వచ్చినవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో బ్యాక్టీరియా ఉన్నవారిని తీసుకుని, సగం మందికి మందులిచ్చి, సగం మందికి ఉత్తుత్తి బిళ్లలిచ్చి 9 ఏళ్లకు పైగా గమనించారు. మందులు తీసుకున్న 832 మందిలో 10 మందికి, తీసుకోని 844 మందిలో 23 మందికి క్యాన్సర్ వచ్చింది. 2020లో వచ్చిన ఈ ఫలితం నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది, ఎందుకంటే అందులోని మనుషులు మా అక్క పిల్లల వంటివారు.

మన దగ్గర పరిస్థితి వేరు. భారతదేశంలో బ్యాక్టీరియా ఎక్కువ, కడుపు క్యాన్సర్ జపాన్, కొరియాల కంటే చాలా తక్కువ. దేశంలో మిజోరం వంటి ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఎక్కువ, మనకు దగ్గరలోని చెన్నై క్యాన్సర్ రిజిస్ట్రీలో మొదటి నుంచీ కడుపు క్యాన్సర్ ముఖ్యమైన వాటిలో ఒకటిగా కనిపిస్తూ వచ్చింది. పొగాకు, ఉప్పులో ఊరిన తిండి ఈ జబ్బు ప్రమాదాన్ని పెంచుతాయి. పొగాకు పండించే ఒంగోలు ప్రాంతం, ఎండుచేపలూ ఉప్పుచేపలూ రోజువారీ తిండిగా ఉన్న కొత్తపట్నం నుంచి జువ్వలదిన్నె దాకా ఉన్న తీరం మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లోనే ఉన్నాయి. కొరియాలో 40 ఏళ్లు దాటిన అందరికీ రెండేళ్లకోసారి ఎండోస్కోపీ చేసే ఏర్పాటు ఉంది. అది ఇక్కడ అసాధ్యం, అవసరం కూడా కాదు. ఎండోస్కోపీ ఎవరికి చేయాలో ఎంచుకోవడమే మనకున్న దారి.

అందుకే ఆరోగ్యశాఖకు మీ పత్రిక ద్వారా కొన్ని విన్నపాలు చేస్తున్నాను. ప్రభుత్వం 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు చేయిస్తున్నది. ఆ పని చేసే ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లినప్పుడు ఇంకొక్క ప్రశ్న అడిగి రాసుకోవాలి: ఈ ఇంట్లో తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చిందా? వచ్చిందన్న ఇంట్లో 40 దాటినవారికి నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనో ఒంగోలు రిమ్స్‌లోనో పెప్సినోజెన్, బ్యాక్టీరియా యాంటీబాడీ పరీక్షలు ఉచితంగా చేసే ఏర్పాటు ఉండాలి. ఎలీసా పళ్లెంలో 96 గుంటలుంటాయి. ఒకరిద్దరి కోసం కిట్టు విప్పితే మిగతాది వృథా అవుతుంది కనుక, చిన్న ల్యాబులు ఈ పరీక్ష చేయవు, చేసినా ఖరీదెక్కువ. నమూనాలను చల్లగా భద్రపరచి వారానికోరోజు ఒకేచోట చేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. జపాన్ వారి 70, 3 అనే అంకెలు మన తిండికీ మన మనుషులకూ అలాగే సరిపోతాయని అనుకోకూడదు. మొదటి కొన్ని వందల మందికి రక్తంతో పాటు ఎండోస్కోపీ కూడా చేసి, మన హద్దులేవో మనం తేల్చుకోవాలి. ఆ పని చేయగల ప్రొఫెసర్లు, పీజీ విద్యార్థులు ఈ రెండు చోట్లా ఉన్నారు.

బ్యాక్టీరియాకు మందులు ఇచ్చేటప్పుడు శ్రద్ధ చాలా అవసరం. 14 రోజుల పాటు రోజుకు మూడు నాలుగు రకాల బిళ్లలు వేసుకోవాలి. నోరు చేదవుతుంది, వికారంగా ఉంటుంది, చాలామంది ఐదో రోజుకే మానేస్తారు. ఈ బ్యాక్టీరియాకు వాడే క్లారిత్రోమైసిన్ అనే మందుకు లొంగని రకాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రమాదకర సూక్ష్మజీవుల జాబితాలో చేర్చింది. మధ్యలో మానేసే ప్రతి కోర్సూ ఆ సమస్యను పెంచుతుంది. కోర్సు పూర్తయి నాలుగు వారాలు గడిచాక శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో బ్యాక్టీరియా పోయిందని చూసుకోవాలి. ఆ పరీక్షకు రెండు వారాల ముందే గ్యాస్ బిళ్ల ఆపాలి. రక్తంలోని యాంటీబాడీలు బ్యాక్టీరియా పోయాక కూడా నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉంటాయి కనుక దానికి రక్తపరీక్ష పనికిరాదు.

శిబిరాలు పెట్టేవారికి, ప్యాకేజీలు అమ్మే ల్యాబులకు ఒక మాట. సీఈఏ, సీఏ 19-9 పరీక్షలను ఆరోగ్యవంతులకు చేసి 'క్యాన్సర్ మార్కర్లు: మామూలు' అని రాసి ఇవ్వడం దయచేసి ఆపండి. చేయక తప్పదంటే, 'ఈ ఫలితం క్యాన్సర్ లేదని చెప్పడం లేదు' అన్న వాక్యాన్ని తెలుగులో, పెద్ద అక్షరాలతో ఆ కాగితం మీదే అచ్చువేయండి. ఆరోగ్యశాఖ దీన్ని నిబంధనగా పెట్టినా మంచిదే. రెండు వారాలు మించి గ్యాస్ బిళ్ల అవసరమవుతున్న నలభై దాటిన మనిషిని ఒక్కసారైనా పెద్ద డాక్టరు దగ్గరికి పంపమని మన ఊళ్లలోని ఆర్‌ఎంపీలను, మందుల షాపులవారిని చేతులెత్తి వేడుకుంటున్నాను.

మా అక్కకు ఇద్దరు పిల్లలు. పోయిన సంవత్సరం ఇద్దరి రక్తం నేనే తీశాను. గ్యాస్ బిళ్లలు వాడటం లేదని, క్రియాటినిన్ బాగుందని నిర్ధారించుకుని నమూనాలను హైదరాబాదుకు పంపించాను. మేనకోడలికి రెండూ లేవు. 43 ఏళ్ల మేనల్లుడికి బ్యాక్టీరియా ఉంది, పెప్సినోజెన్ నిష్పత్తి 2.4. తనకు ఏ బాధా లేదు, పొద్దున్నే పొలానికి వెళ్లి వస్తాడు. ఎండోస్కోపీలో నడిమి భాగం పొర పలచబడి ఉందని, తీసిన ముక్కల్లో ఒకచోట పేగు కణాలు ఉన్నాయని, క్యాన్సర్ మాత్రం లేదని వచ్చింది. పద్నాలుగు రోజుల మందులు ఒక్క పూట కూడా తప్పకుండా మా అక్క దగ్గరుండి వేయించింది. బ్యాక్టీరియా పోయిందని శ్వాస పరీక్షలో తేలింది. చుట్ట మానేశాడు. మళ్లీ ఎండోస్కోపీ చేయించుకోవలసిన తేదీని అక్క వంటగదిలోని క్యాలెండరు మీద రాసి పెట్టుకుంది.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
కావలి, నెల్లూరు జిల్లా.